ముంగిస ఎక్కని పీట

అనగనగా ఒక అడవిలో సంత ఉండేది. సంత పక్కనే వర్తకం నేర్పే బడి. రెండేళ్లు చదివితే చాలు, సంతలో కొలువు, రోజూ బుట్టెడు ఇప్పపూలు. గురువు కావాలంటే మాత్రం ఇంకో ఏడేళ్లు పరిశోధన చేయాలి. అందుకే, పిల్లలూ, అందరూ సంతకే పరిగెత్తారు. బడిలో గురువుల పీటలు నాలుగు. మిగిలిన గురువు ముసలి తాబేలు ఒక్కటే.

దానికి శిష్యురాలు కూడా ఒక్కతే, ముంగిస. తేనె తక్కువగా దొరికిన ఏడాది తేనె ధర ఎందుకు పడిపోయింది? ఐదేళ్లుగా ముంగిస వెతుకుతున్నది ఇదే.

"ఇంకా చదువేనా పిన్నీ? పళ్లూడాక పట్టా ఇస్తారా?" అని సంతలో ఉడుతలు నవ్వేవి.

ఒకనాడు బడి యజమాని కొండముచ్చు రొప్పుతూ వచ్చింది. "రేపు బడుల అధికారి ఎలుగుబంటి తనిఖీ! పీటలు నిండకపోతే బడి మూతే!"

రెండో పీటకు చిలుకను తెచ్చింది. మూడో పీటకు కాకిని పిలిచింది. నాలుగోది ముంగిసకు చూపించింది.

"ఒక్క పూట కూర్చోవే తల్లీ. నీ సొమ్మేం పోతుంది?"

"నా చదువు పూర్తి కాలేదు. కూర్చోను."

"అయితే ఈ గడప మళ్లీ తొక్కకు!"

ముంగిసకు అది ఐదేళ్ల కష్టం! అయినా పీట ఎక్కలేదు.

మర్నాడు ఎలుగుబంటి చిలుకను అడిగింది, "ధర ఎప్పుడు పెంచాలి?"

"ధర పెంచాలి! ధర పెంచాలి!" అంది చిలుక.

"నిన్ను పొద్దున వాగవతలి బడిలోనూ గురువు పీట మీద చూశానే?" అని ఎలుగుబంటి అనగానే కాకి ఎగిరిపోయింది.

"నాలుగో గురువు అదిగో," అని కొండముచ్చు గడప బయట నిలబడ్డ ముంగిసను చూపించింది.

"నేను శిష్యురాలిని. ఆ పీట ఖాళీ," అంది ముంగిస.

ఆ ఏడు కొత్త పిల్లలను చేర్చుకోవద్దని చెప్పి ఎలుగుబంటి వెళ్లిపోయింది.

"ఫో ఇక్కణ్ణించి!" అని అరిచింది కొండముచ్చు.

"పోతాను. నా ప్రశ్న కూడా నాతోనే వస్తుంది."

ముంగిస నడిచింది. వెనకాల తాబేలు పీట దిగింది.

"మీరెక్కడికి గురువుగారూ?"

"ప్రశ్న ఎటు పోతే నేనూ అటే."

చింతచెట్టు కింద రెండేళ్లు గడిచాయి. తేనె దొరకదన్న భయంతో అడవంతా ముందే ఈతపళ్లకు అలవాటు పడి తేనె కొనడం మానేసిందని, అందుకే ధర పడిందని ముంగిస తేల్చింది. "ఇక నువ్వూ గురువువే," అంది తాబేలు.

ఆ కబురు విని కొండముచ్చు వచ్చింది. "నాలుగు పీటలూ నీవే, రా!"

"నాకు ఒకటి చాలు. ఒకటి గురువుగారిది. మిగతావాటికి ఇద్దరిని తయారు చేస్తాను. ఏడేళ్లు వాళ్ల కడుపు నువ్వు నింపాలి."

"ఏడేళ్లా!"

"కుదరదా? మాకు చింతచెట్టు ఉంది."

కొండముచ్చు తల గోక్కుంది. తర్వాత మోసుకొచ్చిన ఇప్పపూల బుట్టను మెల్లగా ముంగిస ముందు పెట్టింది.

నీతి: పీట నింపడం ఒక్క పూట పని, గురువును పెంచడం ఏళ్ల పని.