తెల్లియాస్ అడిగిన కుండ

గ్రీసు దేశంలో సముద్రం ఒడ్డున మెలాంథా అనే ఒక నగర రాజ్యం ఉండేది. నగరమే రాజ్యం అన్నమాట. కోటగోడ దాటితే పొలాలు, పొలాలు దాటితే పరాయి దేశం. అంత చిన్నదైనా ఆ ఊరివాళ్ళు తల ఎత్తుకు తిరిగేవారు. ఎందుకంటారా? అక్కడ తగవు వస్తే పాలకుడైనా సరే, పౌరుల ముందు నిలబడి చెప్పుకోవలసిందే. తీర్పు చెప్పేది చీట్లు తీసి ఎంచుకున్న యాభై ఒక్కమంది మామూలు మనుషులు.

మాట్లాడటానికి ఇద్దరికీ సమానమైన సమయం. అప్పట్లో మన గడియారాలు లేవు కదా, నీళ్ళతో కొలిచేవారు. అడుగున బెజ్జం ఉన్న కుండను నింపి ఎత్తున పెడతారు. బిరడా తీశాక నీళ్ళు కారినంతసేపే మాట. ధార ఆగితే నోరూ ఆగాలి. ఇద్దరూ చెప్పాక, కావాలంటే బదులు కూడా చెప్పుకోవచ్చు, దానికీ ఒక్కో కుండ నీళ్ళు.

ఆ నగరాన్ని ఏలే క్లియోమెడోన్‌కు తన వంశం గురించీ, వాక్చాతుర్యం గురించీ మహా గొప్ప. ఏడు తరాల పేర్లు చెప్పుకుంటే గానీ విషయంలోకి దిగడు. ఆయనకు ఒకసారి ఉద్యానవనం వేయించాలని బుద్ధి పుట్టి, తెల్లియాస్ అనే కుమ్మరి ఎర్రమట్టి నేల మీద కన్ను పడింది. అది తన తాతలదేనని దావా వేశాడు. ఆ మట్టి పోతే తెల్లియాస్ కుండలు కాల్చే ఆవం ఆరిపోతుంది, భార్యాబిడ్డలతో ఊరు విడవాలి.

విచారణ రోజున క్లియోమెడోన్ న్యాయసభకు రెండు కొత్త కుండలు తెప్పించాడు. అందరూ చూస్తుండగా ఒక్కోదాంట్లో ఆరేసి ముంతలు పోయించాడు.

"చూశారుగా, చుక్క తేడా లేదు. నా నగరంలో నాకెంతో కుమ్మరికీ అంతే" అన్నాడు. జనం సంతోషించారు.

తర్వాత మొదలుపెట్టాడు. ఏడు తరాలూ అయ్యాయి, యుద్ధాలయ్యాయి, కట్టించిన గుళ్ళయ్యాయి. స్తంభం నీడ మూడు మెట్లు దిగినా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తెల్లియాస్ వినడం మానేసి ధారకేసి చూశాడు. దారప్పోగంత సన్నం. తన వంతుకని ఉంచిన కుండ చూస్తే, దాని బిరడా బొటనవేలంత లావు. కుమ్మరికి వేరే చెప్పాలా? నీళ్ళు సమానమే, బెజ్జాలే కావు.

మోసమని అరిస్తే పాలకుణ్ణి నిందించిన నేరం మీద పడుతుంది. అందుకని తన వంతు రాగానే వినయంగా తల వంచి, "ప్రభూ, కుండలు రెండూ సమానమేనా?" అన్నాడు.

"నీ కళ్ళెదుటే కొలిపించానుగా, ఇంకా అనుమానమా?"

"అనుమానం కాదు ప్రభూ, ఆశ. తమ ప్రసంగం విన్న కుండ అది. దాన్నే మళ్ళీ నింపి నాకిప్పిస్తే నా బిడ్డలు నలుగురిలో చెప్పుకుంటారు. బదులు చెప్పేటప్పుడు తమరు నాకు ఉంచిన ఈ కుండ తీసుకోండి. తేడా ఎలాగూ లేదు కదా."

క్లియోమెడోన్ ఇరుకున పడ్డాడు. కాదంటే జనం ఎందుకని అడుగుతారు. తల ఊపాడు.

తెల్లియాస్ తొందరపడలేదు. ముత్తాత తవ్విన గొయ్యి, తండ్రి కట్టిన ఆవం, ఆ మట్టితో చేసిన నూనె జాడీలు ఏయే రేవులకు వెళ్ళాయో అన్నీ నింపాదిగా చెప్పాడు. ఇరుగుపొరుగును సాక్ష్యానికి పిలిచాడు. ఇంకా నీళ్ళు మిగిలాయి.

ఇక బదులు చెప్పాలి. రెండో కుండ బిరడా తీశారు. క్లియోమెడోన్ పైవస్త్రం సర్దుకుని, "పౌరులారా, నేను, ఫైలాకోస్ కుమారుణ్ణి, ఏజెనోర్ మనుమణ్ణి..." అనేసరికి నీళ్ళన్నీ భళుక్కున కిందికి జారిపోయాయి.

నియమం నియమమే. నోరు మూసుకుని నిలబడ్డాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఖాళీ కుండను చూశాడు, కుమ్మరిని చూశాడు, ఆపుకోలేక తనే కడుపు పట్టుకుని నవ్వేశాడు.

యాభై ఒక్కమందీ తలా ఒక గులకరాయి వేసి తీర్పు తేల్చారు. నేల తెల్లియాస్‌దే. క్లియోమెడోన్ తన పైవస్త్రం తీసి అతని భుజాన కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. ఇకమీద న్యాయసభకు కుండ తానే చేసిస్తానన్నాడు తెల్లియాస్.

"నువ్వూ నాలాగే చేస్తే?"

"రెండు చేస్తే కదా ప్రభూ. ఒక్కటే చేస్తాను. అందరికీ అదే."

ఆ తర్వాత మెలాంథా వాళ్ళు ఓడలెక్కి ఏ రేవులో దిగినా, తమ ఊళ్ళో ఏలేవాడికీ కుమ్మరికీ ఒకటే కుండ అని చెప్పుకుని మరీ దిగేవారట.