కుడివైపు పీట

పేరిశాస్త్రికి సెలవు దొరకడం లేదు. చదువు పూర్తయింది. ఏటి అవతలి ఊళ్లో కొత్తగా పాఠశాల పెట్టి, అయ్యవారి కోసం ఎదురుచూస్తున్నారు. దసరాలోగా రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని కబురు కూడా పంపారు.

గురువు కొండుభొట్లు మాత్రం ఒక ప్రశ్న వేసి కూర్చున్నారు. "జ్ఞానం అనే మాటకు అర్థమేమిటి? అది ఎక్కడి నుంచి వచ్చింది? చెప్పి వెళ్లు."

ఆ ఇంట శిష్యుడి పీట గురువుకు ఎడమవైపు. కుడివైపు పీట అతిథులది. పేరిశాస్త్రి తన పీట మీద తల వంచుకుని కూర్చుని, వినయంగా, మెల్లగా చెప్పాడు. 'జ్ఞా' అనేది ధాతువని, తెలుసుకోవడం దాని అర్థమని.

"మళ్లీ చెప్పు" అన్నారు గురువు.

మరునాడు 'ఎరుక' అనే తెలుగు మాటను, దానికి తోబుట్టువులైన తమిళ, కన్నడ మాటలను జతచేశాడు.

"మళ్లీ చెప్పు."

ఆ పైన పుస్తకాలన్నీ తిరగేసి, సంస్కృత ధాతువుకు పడమటి భాషల్లో ఉన్న చుట్టాలను కూడా వెతికి తెచ్చాడు. గురువు నవ్వారు.

"మళ్లీ చెప్పు."

పేరిశాస్త్రి వంటింటి గుమ్మంలో చతికిలపడ్డాడు. "తప్పెక్కడుందో తెలియడం లేదమ్మా. నన్ను పంపడం ఆయనకు ఇష్టం లేదేమో."

"ఎందుకుంటుంది నాయనా? నువ్వెళితే నా సాధింపంతా ఆయన ఒక్కరే వినాలి" అంటూ గురుపత్ని శేషమ్మ మజ్జిగ గ్లాసు తీసుకుని వసారాలోకి నడిచింది.

గుమ్మానికి దగ్గరగా ఉన్నది గురువు ఎడమ పక్కే. ఆమె అక్కడ ఆగలేదు. స్తంభం చుట్టూ తిరిగి కుడి పక్కకు వెళ్లి, "ఉప్పు వేశాను" అంది మెల్లగా.

"నిన్న మరిచావు" అన్నారాయన వెంటనే.

పేరిశాస్త్రి కదలకుండా చూశాడు. ఆమె అలా చుట్టు తిరిగి వెళ్లడం అతను రోజూ చూస్తున్నదే.

లేచి, తన పీట తీసుకెళ్లి గురువుకు కుడివైపు వేసుకున్నాడు. గురువు కాదనలేదు.

"ఎడమ చెవి ఎప్పటి నుంచి వినపడటం లేదండీ?"

"వానలు మొదలైనప్పటి నుంచి."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"నేనే అంటే, అది నేను చెప్పింది అవుతుంది కదరా, నువ్వు తెలుసుకున్నది కాదు."

పేరిశాస్త్రి పీటను ఇంకాస్త దగ్గరకు జరుపుకున్నాడు. "ఇప్పుడు జవాబు చెప్పమంటారా?"

"అవన్నీ అక్కడ నీ పిల్లలకు చెప్పు. రేపు బయల్దేరు" అన్నారు గురువు, మజ్జిగ గ్లాసు అతని చేతికిస్తూ. "పాఠం మొదలుపెట్టే ముందు మాత్రం, ఒకసారి తలెత్తి చూడు."