కొండ దిగి వచ్చిన మన్ను

వాగు ఒడ్డున మేలైన బంకమన్ను చూసి, "నా నేల మీదుంది కాబట్టి నాదే" అని రాజు కావలి పెట్టించాడు. ఊళ్లో కుమ్మరిసారెలన్నీ ఆగిపోయాయి. రాజు మన్ను చూసుకోవడానికి వచ్చిన రోజున కుమ్మరి సుంకులమ్మ అక్కడికే వెళ్లి, గుప్పెడు మన్ను తీసి పట్టుకుంది.

"మహారాజా! ఏటేటా వరదకు పొరుగురాజ్యపు కొండ అరిగి ఈ మన్నయింది. పుట్టినచోటును బట్టి హక్కయితే ఇది పొరుగురాజుది. చేరినచోటును బట్టయితే, ఇప్పుడు నా చేతికి చేరింది."

రాజు తలెత్తి కొండను చూశాడు. సుంకులమ్మా చూసింది, ఆ మన్ను ఎంత దూరం నుంచి వచ్చిందో ఆమెకూ అప్పుడే తట్టింది.

"ఈ మన్ను అక్కడి నుంచి ఎప్పుడు బయల్దేరిందో!" అన్నాడు రాజు మెల్లగా.

"మీ వంశమూ, మా వంశమూ పుట్టకముందే, ప్రభూ."

రాజు చెప్పులు విడిచి, మన్ను మీది నుంచి పక్కకు జరిగాడు.

"కావలి తీసేయండి," అన్నాడు.