ముల్లు లేని చేపల బుట్ట

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెకి మెట్ట ఊరినుంచి ఒక కొత్త కోడలు వచ్చింది. చేపంటే పులుసులో ముక్కే తప్ప ఇంకేం ఎరగదు, పాపం.

పడవలొచ్చాక ఆడవాళ్ళంతా ఇసకలో వరసగా కూర్చుని చేపలు ఏరేవాళ్ళు. ముళ్ళ చేపలు ఒక బుట్టలో, ముల్లు లేని సొరచేపలూ టేకుచేపలూ ఇంకో బుట్టలో. ఏరడం వస్తేనే వరసలో చోటు. రాదని ఆ పిల్లని దూరంగా కూర్చోబెట్టారు. ‘మెట్టదానా’ అని పిలిచేవాళ్ళు, అంతే.

మొదటిరోజు టేకుని తీసుకెళ్ళి ముళ్ళ బుట్టలో చందువా చేపల్లో వేసింది. రెండూ పళ్ళెంలా చదునుగా ఉంటాయి కదా! అందరూ పకపకా నవ్వారు.

రెండోరోజు పొలుసు లేదు కదా అని జెల్లచేపని సొరల్లో వెయ్యబోయింది. దాని ముల్లు చురుక్కున దిగింది. ‘జెల్ల నీకే జెల్ల కొట్టిందే!’ అని మళ్ళీ నవ్వులు. వేలు పట్టుకుని ఏడుస్తుంటే ఒక్కరూ లేచి రాలేదు.

ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, జెల్లనీ టేకునీ ముందేసుకుని కూర్చుంది. జెల్ల చెంపకి మూత ఉంది, దాని కింద మొప్పలు. టేకుకి మూతే లేదు, పొట్టవైపు అటు అయిదు, ఇటు అయిదు చీలికలు. జెల్ల కడుపులో తెల్లటి గాలిబుడగ. టేకుకి అదీ లేదు. జెల్ల ముల్లు టప్పున విరిగింది, టేకులో ముల్లుకి బదులు మెత్తటి ఎముక, అది వంగింది. నీ చెవి పట్టుకో బంగారం. ఆఁ, అదిగో, అంత మెత్తగా.

మూడోరోజు కవళ్ళని చిన్న ముళ్ళ చేపలుంటాయి, వాటి కుప్పలో ఒక సొరపిల్ల అందరి కళ్ళూ తప్పించుకుంది. అప్పుడు ఆ పిల్ల చటుక్కున పైకి తీసి, ‘దీనికి మూత లేదు’ అంది. మెచ్చుకున్నారా? అబ్బే, ఉడుక్కున్నారు! ‘అంత తెలిస్తే సొరల బుట్ట నువ్వే మొయ్యి’ అన్నారు. సొర వాసన ఘాటు కదా, ఆ బుట్ట పక్కన ఎవరూ కూర్చోరు. మూడేళ్ళు ఒక్కతే కూర్చుంది తల్లీ. చేపలతోనే మాట్లాడుకునేది.

వరసలో అందరికన్నా గట్టిగా నవ్విందెవరో తెలుసా? నేనే. అలా చూడకే, సిగ్గేస్తోంది.

ఆ తర్వాత మీ అమ్మ పుట్టింది. నాకు పాలు పడలేదు. పసిది గుక్కపెట్టి ఏడుపు. సొర తింటే పాలు పడతాయని మావాళ్ళ నమ్మకం, బాలింత గొంతులో ముల్లు గుచ్చుకుంటుందన్న భయమూ లేదు. కానీ ఏ మొహం పెట్టుకుని అడగను?

అడక్కుండానే ఆ పిల్లే వచ్చింది. పాలసొర ఉడకబెట్టి, తోలు తీసి, చిదిమి, వెల్లుల్లి వేసి వేయించింది. ముద్దలు కలిపి నా నోట్లో పెట్టింది. రెండ్రోజులకి పాలు పడ్డాయి. అప్పుడు అడిగాను, ‘నీ పేరేంటే?’ అని.

‘సన్యాసమ్మ’ అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ పల్లెలో ఆ మాట మొదట అడిగింది నేనేనట, అదీ మూడేళ్ళకి.

ముల్లున్నదీ చేపే, మెత్తదీ చేపే,
మూతున్నదీ చేపే, చీలికలదీ చేపే,
బుట్టలే వేరమ్మా, సముద్రం ఒకటే.
కథేమో నడిచింది కంచికి,
చెవి వదిలి జరుగు నా పక్కకి.