గుడ్ల మీద కూర్చున్న మహారాజు

ఎప్పటి మాటో, ఎక్కడి రాజ్యమో నన్నడక్కండి. ఆ రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. ఆయన వస్తే అందరూ లేచి నిలబడాలి. కాలు విరిగినవాడైనా సరే, ఒంటికాలి మీద నిలబడాల్సిందే. అంత డాబు!

ఆయన అంతఃపురంలో తెల్ల గువ్వల జంట ఒకటి ఉండేది. పోలమ్మ అనే ముసలామె వాటికి జొన్నలు వేసి, పళ్ళెంలో స్నానానికి నీళ్ళు పెట్టి, కన్నబిడ్డల్లా చూసుకునేది. రాజు రోజూ గూటి దగ్గరికి వెళ్ళేవాడు. మగగువ్వ గొంతు ఉబ్బించి, "గుగ్గూ" అంటూ వంగి వంగి దణ్ణాలు పెట్టేది.

"చూశారా, పక్షికి కూడా నా గొప్పతనం తెలిసింది!" అని రాజు పొంగిపోయేవాడు. దానికి 'వినయభూషణ' అని బిరుదు కూడా ఇచ్చాడు. ఏం చెప్పమంటారు!

ఒకరోజు రాజు వెళ్ళేసరికి ఆ వినయభూషణుడు గూట్లో పుల్లల మీద చతికిలబడి ఉన్నాడు. దణ్ణం లేదు, లేవడం లేదు. రాజు దగ్గాడు. చప్పట్లు కొట్టాడు. గువ్వ కళ్ళు మూసుకుంది.

"ఎంత పొగరు!" రాజు మండిపడ్డాడు. "రేపు ఈ గువ్వల్ని అడవిలో వదిలేయండి. వీటికి మర్యాద నేర్పని ఈ పోలమ్మని కోటలోంచి గెంటేయండి!"

"అయ్యా, అది గుడ్ల మీద కూర్చుంది. ఇప్పుడు కదిపితే పిల్లలు దక్కవు," అని పోలమ్మ లబోదిబోమంది. రాజు వింటేగా! పాపం, ఏడ్చుకుంటూ కొలువులో హాస్యగాడైన కేతప్ప దగ్గరికి పరిగెత్తింది.

"ఊరుకో పోలమ్మా," అన్నాడు కేతప్ప. "నాకో బుట్ట, కాస్త గడ్డి, రెండు కోడిగుడ్లు తెచ్చిపెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

మర్నాడు రాజు కొలువులోకి వచ్చాడు. అందరూ లేచారు. కేతప్ప మాత్రం సభ మధ్యలో, బుట్టలో గొంతుక్కూర్చున్నాడు.

"కేతప్పా, లే!"

"లేవలేను ప్రభూ. గుడ్లు చల్లారిపోతాయి."

సభంతా గొల్లున నవ్వింది. రాజు ముఖం కందగడ్డ అయింది. "ఏమిటీ వెకిలి వేషం?"

"వేషం కాదు ప్రభూ, మగగువ్వ ఉద్యోగం. పొద్దెక్కినప్పట్నించి సాయంత్రం దాకా మొగుడి వంతు, ఆపైన మర్నాడు పొద్దెక్కేదాకా పెళ్ళాం వంతు. వంతు వదిలేసి లేస్తే గుడ్లు పాడైపోతాయి. అందుకే నిన్న తమరిని చూసి లేవలేదు."

"మరి ఇన్నాళ్ళూ నాకు దణ్ణాలెందుకు పెట్టింది?"

"తమరికి కాదు ప్రభూ, వాళ్ళావిడకి. పెళ్ళాన్ని మురిపించడానికి మగగువ్వ అలాగే వంగుతుంది. ఆవిడ వెనకాల తమరు నిలబడ్డారు, అంతే."

తెరచాటున రాణిగారు పకపకా నవ్వారు. రాజుకి ఉక్రోషం ముంచుకొచ్చింది.

"కూర్చోవడం కూడా ఓ ఉద్యోగమేనా? ఇరవై ఏళ్ళుగా సింహాసనం మీద కూర్చుంటున్నాను నేను!"

"అయితే ఒక్క గడియ ఈ బుట్టలో కూర్చోండి. గుడ్లు చెక్కుచెదరకుండా లేచారంటే, గువ్వలతోపాటు నేనూ అడవికి పోతాను. పగిలాయంటే గువ్వలూ పోలమ్మా ఇక్కడే ఉండిపోవాలి."

"సరే, జరుగు!"

రాజు పట్టుపంచె సవరించుకుని బుట్టలో గొంతుక్కూర్చున్నాడు. ఓ మూల పోలమ్మ చేతులు పిసుక్కుంటూ నిలబడింది. కాసేపటికి రాజుకి కాలు తిమ్మిరెక్కింది. ముక్కు దురద పెట్టింది. అంతలో వంటశాలలోంచి గారెల వాసన వచ్చింది. రాజు ఒక్క రవ్వ అటు జరిగాడు.

టప్!

రాజు కింద కారుతున్న పచ్చసొనని చూశాడు. కేతప్పని చూశాడు. ఆయన మీసాలు అదిరాయి.

"ఓడిపోయాన్రా కేతప్పా! పోలమ్మా, నీ గువ్వలు ఇక్కడే, నువ్వూ ఇక్కడే. ఆ గూటి దగ్గర ఎవరు చప్పట్లు కొట్టినా, నేనైనా సరే, తరిమెయ్!" అంటూ మెళ్ళోని ముత్యాలహారం తీసి కేతప్ప చేతిలో పెట్టి లేవబోయాడు.

"మెల్లగా ప్రభూ, మెల్లగా!" కేతప్ప చేతులు అడ్డం పెట్టాడు. "రెండోది ఇంకా బాగానే ఉంది."

రాజుకి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, ఊగి ఊగి నవ్వాడు. రెండోది కూడా టప్పుమంది.