పింఛను గుహలో ఎవరి దొన్నె?

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఏరు. ఏరు వంపు తిరిగే చోట ఒక బడి ఉండేది. చిన్న బడి కాదు పిల్లలూ, విశ్వవిద్యాలయం అనుకోండి. తల్లిపాలు మానేసిన పిల్ల జంతువులు, రెక్కలొచ్చిన పిట్ట పిల్లలు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చేవి. చెట్టెక్కడం, గూడు అల్లడం, పాము ఎదురైతే ఏం చేయాలో తెలుసుకోవడం, అన్నీ అక్కడే నేర్చుకునేవి.

ఆ బడికి ఒక నియమం ఉంది. చదువు అయ్యాక మాస్టారు పిల్లను పరీక్షించి, "ఇక నువ్వు వెళ్లొచ్చు" అనాలి. ఆ మాట వినందే ఏ పిల్లా ఒంటరిగా అడవిలో అడుగు పెట్టకూడదు.

అక్కడి మాస్టార్లలో అందరికన్నా పెద్దవాడు బొంతయ్య అనే ఎలుగుబంటి. చెట్టెక్కడం ఆయన పాఠం. వయసు మీద పడింది. నోట్లో గట్టి పళ్లు రెండే మిగిలాయి. ఈ వానాకాలం గడిస్తే పని మానేసి విశ్రాంతి తీసుకోవాలి.

గూళ్లు అల్లడం నేర్పేది పోచయ్య అనే గిజిగాడు. పిట్ట చిన్నది, నోరు పెద్దది.

పాముల పాఠం చెప్పేది చురుకమ్మ అనే ముంగిస. ఆమెది పక్కా ఉద్యోగం కాదు. ప్రతి ఏడూ వానలు మొదలవగానే, "ఈ ఒక్క వానాకాలానికి రా" అని పిలిచేవాళ్లు. అలా పిలిపించుకుంటూ ఆరేళ్లు గడిపింది. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

మాస్టార్లకు జీతం వారానికి పది దొన్నెల ఎండు ఇప్పపువ్వు. అందులో ఒక దొన్నె కొండ పక్కన ఉన్న గుహలో వేయాలి. పళ్లు ఊడిపోయి, రెక్కలు అలిసిపోయి, ఇక పాఠం చెప్పలేని ముసలి మాస్టార్లు ఆ గుహలోంచి తినేవాళ్లు. అందుకే దాన్ని పింఛను గుహ అనేవాళ్లు.

ఒకరోజు పొద్దున్నే బడి అధిపతి కొమ్ములరాయుడు అందరినీ పిలిచాడు. ఆయన పెద్ద దుప్పి. ఆయన పక్కన గుహ లెక్కలు చూసే తాబేలు డిప్పయ్య నిలబడ్డాడు.

"గుహలో కొరత వస్తుందని డిప్పయ్య లెక్క తేల్చాడు" అన్నాడు కొమ్ములరాయుడు. "అందుకని మూడు మార్పులు చేస్తున్నాం. ఒకటి, ఇక మీదట జీతం తొమ్మిది దొన్నెలు. రెండు, గుహకు ఒకటి కాదు, రెండు దొన్నెలు వేయాలి. ముసలితనంలో దక్కేది మాత్రం ఇప్పటిదాంట్లో సగం. మూడు, పాముల పాఠం ఎత్తేస్తున్నాం. నాలుగేళ్లుగా ఏ పిల్లనూ పాము కరవలేదు. ఇంకా ఆ పాఠం ఎందుకు?"

"చెప్పబట్టే కదండీ కరవలేదు" అంది చురుకమ్మ.

కొమ్ములరాయుడు వినిపించుకోలేదు. బడి ముందు నున్నటి రాళ్లతో కొత్త బాట వేయిస్తున్నాడు. దాన్ని చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

పిల్లలూ, మీరే లెక్క వేయండి. ఇంతకు ముందు చేతికి వచ్చేది తొమ్మిది దొన్నెలు. ఇప్పుడెంత? ఏడు. ఎక్కువ వేస్తారు, తక్కువ తింటారు. చురుకమ్మకైతే ఆ ఏడూ లేవు.

"ఆయన గారు బాటకు వేసిన రాళ్లు ఉడకబెట్టుకు తినమంటారా మనల్ని?" అని పోచయ్య కొమ్మ మీద ఎగిరెగిరి అరిచాడు. "ఇక లోపల అడుగు పెట్టేది లేదు. సమ్మె."

అందరూ సరేనన్నారు. మరునాడు మాస్టార్లంతా బడి బయట మద్దిచెట్టు కింద కూర్చున్నారు. తగ్గించడం కాదు, జీతం పెంచాలని కూడా అడిగారు. పాఠాలు లేవు. పరీక్షలు లేవు. "ఇక వెళ్లొచ్చు" అనే మాట లేదు.

కానీ పాఠం చెప్పేవాళ్లకు చెప్పకుండా ఉండటం రాదు. ఒక కుందేలు పిల్ల వచ్చి, "టీచర్, పాము బుసకొడితే వెంటనే పరుగెత్తాలి కదా?" అని అడిగింది.

"నేను సమ్మెలో ఉన్నాను. చెప్పను" అంది చురుకమ్మ.

"అయితే పరుగెత్తుతాలెండి."

"ఎటు పరుగెత్తుతావే? ముందు కదలకుండా నిలబడాలి. అది ఎటు చూస్తోందో..." అని సగంలో నాలుక కరుచుకుంది. చెట్టు కింద అందరూ నవ్వారు. బొంతయ్య అయితే పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు.

రోజులు గడిచాయి. కొమ్ములరాయుడికి ఒక ఆలోచన వచ్చింది. అందరితో కాదు, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలనుకున్నాడు.

మొదట పోచయ్యను పిలిచాడు. "మీ పాఠానికి ఎంత పేరుందో మీకు తెలియదు. మీకు మాత్రం పది దొన్నెలూ అలాగే ఇస్తాను. ఈ మాట మన మధ్యనే ఉండాలి" అన్నాడు. మరునాడు మద్దిచెట్టు మీద పోచయ్య లేడు. వెదురు పొద వెనక నుంచి లోపలికి దూరి పాఠం చెప్పుకుంటున్నాడు.

"అరిచీ అరిచీ గొంతు పోయిందేమో పాపం" అన్నారు ఎవరో.

"గొంతు బాగానే ఉంది. రెక్కలే వెదురు పొదల వైపు లాగాయి" అన్నారు ఇంకొకరు.

తర్వాత చురుకమ్మను పిలిచాడు. "నువ్వు లోపలికి రా. బొంతయ్య చెప్పే పాఠం కూడా నువ్వే చెప్పు. ఈ వానాకాలం గడిచేదాకా నిన్ను ఉంచుతాను."

"ఆ తర్వాతండీ?"

"ఆ తర్వాత సంగతి అప్పుడు చూద్దాం."

"ఆరేళ్లుగా ఆ 'అప్పుడు' కోసమే చూస్తున్నానండీ" అని చురుకమ్మ వెనక్కి వచ్చేసింది. ఆ పూట ముగ్గురు పిల్లలకూ కలిపి ఒకే దొన్నె పెట్టింది. తనకు ఆకలిగా లేదని చెప్పింది.

ఆఖరున బొంతయ్యను పిలిచాడు. కూర్చోవడానికి మెత్తటి గడ్డి వేయించాడు.

"బొంతయ్య గారూ, ఇంకొన్నాళ్లలో మీరు విశ్రాంతి తీసుకుంటారు. ఈ గొడవ మీకెందుకు? మీ పింఛనులో ఒక్క పువ్వు కూడా తగ్గదు. రాబోయే వాళ్లకే సగం. మీరు చేయాల్సింది ఒక్కటే. లోపలికి వచ్చి, చదువు పూర్తయిన పిల్లలకు 'ఇక వెళ్లొచ్చు' అనండి. మీరు అంటే మిగతా మాస్టార్లూ అంటారు."

బొంతయ్య దవడ రుద్దుకున్నాడు. రెండు పళ్లతో గట్టి కాయలు కొరుక్కు తినలేడు. గుహ లేకపోతే ఆకలే. ఆయన అబద్ధం ఆడలేదు. "ఆశగానే ఉందండీ" అన్నాడు. "ఒకసారి గుహలో నా వాటా చూసుకుని చెబుతాను."

"చూసుకోండి, చూసుకోండి" అన్నాడు కొమ్ములరాయుడు సంతోషంగా.

బొంతయ్య గుహ దగ్గరికి వెళ్లాడు. గుమ్మంలో డిప్పయ్య కూర్చుని ఉన్నాడు.

"డిప్పయ్యా, నేను చేరిన కొత్తలో వేసిన పువ్వు ఎక్కడుంది? చూపించు."

డిప్పయ్య మెడ బయటకు చాపాడు. "అదెక్కడ ఉంటుంది మాస్టారూ? ఇప్పపువ్వు రెండేళ్లు దాటితే పురుగు పడుతుంది. అప్పటి ముసలి మాస్టార్లు అప్పుడే తినేశారు."

"పోనీ, పోయిన ఏడు వేసింది?"

"దాన్ని ఇప్పటి ముసలాళ్లు తింటున్నారు."

బొంతయ్య గుహలోకి తొంగి చూశాడు. తన వాటా అంటూ ఒక మూల ఎక్కడా లేదు. "మరి వచ్చే ఏడు నేనేం తినాలి?"

"చురుకమ్మ లాంటి కుర్రవాళ్లు వేసేది తింటారు."

"చురుకమ్మను తీసేస్తున్నారు కదయ్యా?"

"అవును. అందుకే వేసేవాళ్లు తగ్గుతారని లెక్క వేశాను."

"ఎందుకు తీసేస్తున్నారు?"

"గుహలో కొరత వస్తుంది కదా, ఖర్చు తగ్గించడానికి."

"కొరత ఎందుకు వస్తుంది?"

"వేసేవాళ్లు తగ్గుతారు కాబట్టి..." అని డిప్పయ్య ఆగిపోయాడు. తన మాట తనకే వినిపించింది. మెడ మెల్లగా లోపలికి లాక్కున్నాడు.

బొంతయ్య అక్కడే కూలబడ్డాడు. "ఇంకేమేం వేశావు ఆ లెక్కలో?"

డిప్ప లోపల నుంచే జవాబు వచ్చింది. "ప్రతి ఏడూ కరువే అని వేశాను. మాస్టార్లందరూ ఒకే రోజు ముసలివాళ్లవుతారని వేశాను. కొత్తవాళ్లు ఒక్కరూ చేరరని వేశాను."

"అలా ఎప్పుడైనా జరిగిందా?"

"లేదు. కానీ నేను చిన్నప్పుడు ఒక కరువు చూశాను మాస్టారూ. ఏరు ఎండిపోయి బురదలో ఇరుక్కుపోయాను. అప్పటి నుంచి ఏ లెక్క వేసినా భయం ముందు వచ్చి కూర్చుంటుంది."

బొంతయ్యకు కోపం రాలేదు. "భయపడటం తప్పు కాదు" అన్నాడు. "నీ భయానికి చురుకమ్మ పిల్లలు పస్తుండటం తప్పు. బయటకు రా. ఇద్దరం కలిసి మళ్లీ వేద్దాం."

ఇద్దరూ నేల మీద గులకరాళ్లు పరిచారు. కరువు ఏళ్లకు నల్ల రాళ్లు, మామూలు ఏళ్లకు తెల్ల రాళ్లు, నిజంగా ఎన్ని వచ్చాయో అన్నే పెట్టారు. ఎవరినీ తీసేయలేదు. గుహలో కొరత ఉంది కానీ గండమంత లేదు. వారానికి ఒక్కొక్కరు ఇంకో గుప్పెడు పువ్వు వేస్తే పూడిపోయేంతే ఉంది.

డిప్పయ్య కన్ను ఆర్పకుండా ఆ రాళ్లనే చూశాడు. "ఇది నేనే రాయుడు గారికి చెబుతాను. మీరు చెబితే సమ్మె మాట అంటారు" అన్నాడు.

వాళ్లిద్దరూ వెళ్లేసరికి కొమ్ములరాయుడు మెత్తటి గడ్డి సర్దించి ఎదురుచూస్తున్నాడు. "చూసుకున్నారా మీ వాటా?"

"చూశానండీ. అది గుహలో లేదు. బయట చెట్టు కింద కూర్చుని ఉంది" అన్నాడు బొంతయ్య. "చురుకమ్మ, ఆమె తర్వాత వచ్చేవాళ్లే నా వాటా. వాళ్లను తీసేసి నాకు పూర్తి పింఛను ఇస్తానంటే, మీరు ఇచ్చేది ఖాళీ గుహ. నేను పిల్లలకు 'వెళ్లొచ్చు' అనను. మీ మాట వెనక్కి తీసుకునేదాకా అనను."

ఆ మాట చెట్టు కింద తెలిసింది. వెదురు పొదల వెనకకూ తెలిసింది. కాసేపటికి పోచయ్య ఎగిరి వచ్చి మద్దిచెట్టు మీద చివరి కొమ్మన కూర్చున్నాడు. ఎవరూ పలకరించలేదు.

"తప్పయింది" అన్నాడు పోచయ్య నెమ్మదిగా.

"గొంతు ఉందన్నమాట" అంది చురుకమ్మ. "ఈ కొమ్మ మీదికి రా. అక్కడ ఎండ."

ఇంతలో పిల్లల అమ్మానాన్నలు రానే వచ్చారు. వానలు ఆగిపోయాయి, పిల్లల్ని తీసుకెళ్లాలి. "మా వాడికి చెట్టెక్కడం వచ్చిందా లేదా?" అని ఒక చిరుత అడిగింది. "పాముల పాఠం ఎత్తేస్తారట, నిజమేనా?" అని కుందేలు తల్లి అడిగింది. కొమ్ములరాయుడు నున్నటి బాట మధ్యలో నిలబడ్డాడు. ఒక్కరూ బాట వైపు చూడలేదు. మాస్టార్లు ఎక్కడ అని అడిగారు.

ఆయన చెడ్డవాడు కాదు పిల్లలూ. కొరత అనే మాట వినగానే బెదిరిపోయి, ఎదురు మాట్లాడలేని వాళ్ల మీద కొమ్ములు దించాడు. డిప్పయ్య కొత్త లెక్క చెప్పాక చాలాసేపు గడ్డి నమిలాడు. తర్వాత తనే మద్దిచెట్టు దగ్గరికి నడిచి వచ్చాడు.

ఒప్పందం కుదిరింది. జీతం పది దొన్నెలే ఉంటుంది. పింఛను సగం కాదు. వారానికి ఇంకో గుప్పెడు గుహకు వేయడానికి మాస్టార్లు ఒప్పుకున్నారు. ఇక మీదట గుహ లెక్క డిప్పయ్య ఒక్కడే వేయడు, మాస్టార్లలో ఇద్దరు పక్కన కూర్చుంటారు. పాముల పాఠం అలాగే ఉంటుంది, చురుకమ్మ ఉద్యోగం పక్కా అయింది. జీతం పెంచమన్న కోరిక మాత్రం వచ్చే ఏటికి వాయిదా పడింది. పోచయ్య సణిగాడు. సణిగినా సరేనన్నాడు.

బొంతయ్య లోపలికి వెళ్లి ఒక్కో పిల్లను చెట్టెక్కించి చూసి, "ఇక నువ్వు వెళ్లొచ్చు" అన్నాడు. ఆ పని అయ్యాక తనూ విశ్రాంతి తీసుకున్నాడు.

మరుసటి ఏడు బడిలో ఒక కొత్త టీచరు చేరింది. ఒంటినిండా పొలుసులున్న అలుగు, పేరు ముడుపమ్మ. తొలి వారం జీతం అందగానే గుహ దగ్గరికి వచ్చి తన దొన్నె వంక దిగులుగా చూసుకుంది.

"నేను ముసలిదాన్ని కావడానికి ఇంకా ఎంతో కాలం ఉంది. ఇప్పుడే ఎందుకు వేయాలో" అని గొణిగింది.

గుమ్మంలో కూర్చుని మెత్తగా నములుతున్న బొంతయ్య తల ఎత్తాడు. "నువ్వు వేసేది ఈ వారం నేను తింటానమ్మా" అన్నాడు.

ముడుపమ్మ తెల్లబోయింది. "మరి నాకేం లాభం తాతా?"

బొంతయ్య పక్కకు జరిగి, ఆమె కూర్చోవడానికి చోటు చూపించాడు. "నీ ఉద్యోగం జోలికి ఎవరైనా వస్తే, మద్దిచెట్టు కింద మొదట వచ్చి కూర్చునేది నేనే. నాకు ఇప్పుడు అదే పని. పైగా బోలెడు తీరిక."

ముడుపమ్మ నవ్వింది. వంగి, తన దొన్నెలోని పువ్వును గుహలో పోసింది.

నీతి: "నీ ఒక్కడికే ఇస్తాం" అన్నప్పుడు, అది ఎవరి దగ్గర నుంచి తీసి ఇస్తున్నారో అడగాలి. వెనక వచ్చేవాళ్ల పని నిలబడితేనే ముందు నడిచినవాళ్ల ముసలితనం చల్లగా గడుస్తుంది.