కాళాచారి కొట్టేసిన మాట

అనగనగా ఒక ఊళ్ళో నగలు చేసే కాళాచారి ఉండేవాడు. దుప్పటి కప్పుకో, చెబుతా. ఆయనకి రాళ్ళ మహిమలంటే పిచ్చి. పగడం పెట్టుకుంటే ధైర్యమట, నీలం పడకపోతే మూడు రోజుల్లో కీడట! విన్నవన్నీ పోగేసి పుస్తకం రాశాడు.

అప్పుడు అచ్చేసే ఆయన, "చివరి పేజీలో రెండు వరుసలు ఖాళీ, ఆచారిగారూ" అన్నాడు. కాళాచారి చెవి గోక్కుని, "ముత్యం మసకబారితే ఇంటికొచ్చిన కోడలు అరిష్టం" అని రాసిచ్చాడు. ఎవరూ చెప్పింది కాదమ్మా, సొంత కల్పన!

ఆ ఊళ్ళోనే సూరమ్మ ఉండేది. కాళాచారి చేసిన ముత్యాల పేటే కోడలు వరహాలు మెళ్ళో వేసి, "ఎప్పుడూ తియ్యకు సుమా" అంది. ఆ పిచ్చిపిల్ల తలంటుకి కూడా తియ్యలేదు. కుంకుడు రసానికి ముత్యం ఆగుతుందా? ఆర్నెల్లకే మసకబారింది.

అప్పుడు సూరమ్మ పేట పట్టుకొచ్చి, "పుస్తకంలో మాట నిజమేనా ఆచారీ?" అని అడిగింది. చూడగానే ఆయనకి కుంకుడు రసం పనేనని తెలిసిపోయింది. కానీ తప్పు రాశానంటే పరువేం కాను? "రాసి ఉందిగా" అన్నాడు.

ఆ తర్వాత సూరమ్మ కొడుకు వచ్చి అడిగాడు. అదే జవాబు.

ఆ తర్వాత వరహాలే వచ్చింది. "నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వట్లేదు బాబాయ్. రేపు పుట్టింటికి పంపేస్తారట. నేను నిజంగా అరిష్టమా?"

ఆయన తలెత్తలేదు. పని ఉన్నట్టు పటకారు తిప్పుతూ కూర్చున్నాడు. ఆ పూట సిగ్గుతో అన్నం సయించలేదు.

"అబద్ధమని తెలిసే రాశారా?" అంది, లోపల్నుంచి అంతా విన్న భార్య. తన మెళ్ళో ముత్యాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. వాటిని రాత్రంతా కుంకుడు రసంలో నానేశాడు.

తెల్లారి వరహాలు ఎక్కిన బండి కదిలేలోపే సూరమ్మ వాకిట్లో నిలబడ్డాడు. "ఇవి మా ఇంటి ముత్యాలు. రాత్రి కుంకుడు రసంలో నానేస్తే ఇవీ మసకబారాయి. మా ఇంట్లో కోడలే లేదు. మరి అరిష్టం ఎవరు సూరమ్మా? నేనే. ఆ మాట నేను కల్పించాను" అని అందరి ముందూ ఏడ్చేశాడు. సూరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని బండి దింపింది.

ఆ తర్వాత ఆయన ఇల్లిల్లూ తిరిగి ప్రతి పుస్తకంలో ఆ మాట కొట్టేశాడు. అందరికన్నా చివర వరహాలు ఇంటికి వెళ్ళాడు. ఆ పిల్ల పేజీ చూసి, "గీత కింద ఇంకా కనిపిస్తోంది బాబాయ్" అంది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. దాని కింద ఇలా రాశాడు: "ఇది అబద్ధం. రాసినందుకు నాకు సిగ్గుగా ఉంది. కాళాచారి."

అప్పుడు చెప్పులేసుకుని, మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు.

కథ పోయె కంచికి,
ఆచారి పోయె ప్రతి ఇంటికి,
కునుకు రావాలి నీ కంటికి.